ఫోన్ పాడైంది.. యాప్‌లో ‘రిటర్న్’ బటన్ మాయమైంది! ఇక అంతేనా? చట్టం చెబుతున్నది వేరు

హనుమకొండలో ఫుడ్ డెలివరీ చేసే ఒక కుర్రాడిని ఊహించుకోండి. పాత ఫోన్ పదే పదే హ్యాంగ్ అవుతోందని దసరా సేల్‌లో రూ.16 వేలు పెట్టి కొత్తది బుక్ చేశాడు. డబ్బు ఒకేసారి కట్టలేక ఈఎంఐ పెట్టుకున్నాడు. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు నుంచి ఫోన్ దానంతటదే ఆఫ్ అవుతోంది. పండగ హడావుడిలో చూద్దాంలే అనుకున్నాడు. తొమ్మిదో రోజు యాప్ తెరిస్తే ‘రిటర్న్ విండో ముగిసింది’ అని కనిపించింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘సెల్లర్‌ను అడగండి’ అన్నారు. సెల్లర్‌కు మెసేజ్ పెడితే ‘బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి’ అని జవాబు. సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ‘మేం రిపేర్ మాత్రమే చేస్తాం, డబ్బులు వెనక్కి ఇచ్చేది మేం కాదు’ అన్నారు. ఫోన్ లేకపోతే ఆర్డర్లు రావు. ఆర్డర్లు లేకపోతే ఆ రోజు కూలి లేదు. ఈఎంఐ మాత్రం 5వ తారీఖుకు ఠంచనుగా కట్ అవుతుంది.

ఇది ఊహించిన సీనే. కానీ ఆన్‌లైన్‌లో ఫోన్ కొన్నవాళ్లలో చాలామందికి ఇందులో ఏదో ఒక ముక్క అనుభవమే. ఇక్కడ తేలాల్సిన ప్రశ్న ఒక్కటే. యాప్‌లో బటన్ పోతే కొన్నవాడి హక్కు కూడా పోయినట్టేనా?

పోయినట్టు కాదు. బటన్ కంపెనీ పెట్టుకున్న పాలసీ. హక్కు చట్టం ఇచ్చింది. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది సగంలో వదిలేస్తున్నారు.

అసలు అమ్మింది ఎవరు?

ఫలానా యాప్‌లో కొన్నామని అందరం అంటాం. బిల్లు తీసి చూస్తే ‘సోల్డ్ బై’ అన్నచోట ఇంకో పేరు ఉంటుంది. అదే సెల్లర్. గురుగ్రామ్‌లోనో, బెంగళూరులోనో, భివండీలోనో గోడౌన్ ఉన్న సంస్థ కావచ్చు. చట్టం దృష్టిలో ఫోన్ అమ్మింది ఆ సెల్లర్. యాప్ అనేది మార్కెట్‌ప్లేస్, అంటే అంగడి నడిపే సంస్థ. ఫోన్ తయారు చేసిన కంపెనీ మూడోది.

డబ్బు తీసుకున్నది ఒకరు, అమ్మినది ఒకరు, తయారు చేసినది ఇంకొకరు. ఫోన్ బాగున్నంత కాలం ముగ్గురూ మనవాళ్లే. పాడైతే మాత్రం ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. మధ్యలో నలిగేది కొన్నవాడు.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. విదేశీ పెట్టుబడుల విధానం ప్రకారం మన దేశంలో మార్కెట్‌ప్లేస్ నడపడానికి 100 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉంది. సరుకును సొంతంగా కొని నేరుగా వినియోగదారుడికి అమ్మే ఈ-కామర్స్‌లో మాత్రం విదేశీ పెట్టుబడికి అనుమతి లేదు. అందుకే విదేశీ డబ్బుతో నడిచే పెద్ద ప్లాట్‌ఫామ్‌లు సెల్లర్లను ముందు పెట్టి, తాము మధ్యవర్తులుగా ఉంటాయి. అమ్మిన వస్తువు వారంటీ, గ్యారంటీ బాధ్యత సెల్లర్‌దే అని ఆ విధానంలోనే రాసి ఉంది. ‘మేం కేవలం మధ్యవర్తులం’ అన్న మాటకు మూలం ఇదే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ మధ్యవర్తికి కూడా 2020లో కేంద్రం కొన్ని బాధ్యతలు అప్పజెప్పింది.

రూల్స్ ఏమంటున్నాయి?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. పాడైన ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ముక్కలు అందులో నాలుగున్నాయి.

మొదటిది సెల్లర్‌కు సంబంధించింది. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోనని గానీ, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వనని గానీ సెల్లర్ అనడానికి వీల్లేదు. ఆరో నిబంధన సూటిగా ఈ మాటే చెబుతోంది.

రెండోది ప్లాట్‌ఫామ్‌కు సంబంధించింది. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి. ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు ప్లాట్‌ఫామ్‌లో కనపడేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నెల రోజుల్లో పరిష్కరించాలి.

మూడోది, ఫిర్యాదు చేసిన ప్రతిసారీ టికెట్ నంబర్ ఇవ్వాలి. దాంతో ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే వీలుండాలి.

నాలుగోది చాలామందికి తెలియదు. ఆ ప్లాట్‌ఫామ్‌లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అడిగితే సెల్లర్ చిరునామా సహా వివరాలు ఇవ్వాల్సిందే. ‘సెల్లర్ ఎవరో మాకు తెలియదు’ అని ప్లాట్‌ఫామ్ తప్పించుకోలేదు.

అసలు చట్టంలోనే ఇంకో మాట ఉంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో చెప్పిన గడువులోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం ‘అనుచిత వ్యాపార పద్ధతి’ కిందకు వస్తుంది. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజులు లెక్క.

మరి ఆ ‘7 రోజులు’ సంగతేంటి?

చాలా ఫోన్లకు ప్లాట్‌ఫామ్‌లు ఏడు రోజుల ‘రీప్లేస్‌మెంట్ ఓన్లీ’ పాలసీ పెడుతున్నాయి. అంటే ఆ ఏడు రోజుల్లో ఫోన్ మార్చి ఇస్తారు. డబ్బు వెనక్కి ఇవ్వడం సాధారణంగా మార్చి ఇవ్వడానికి స్టాక్ లేనప్పుడే. కొన్ని మోడళ్లకైతే యాప్‌లో రిటర్న్ మార్గమే లేకుండా నేరుగా బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కు పంపుతున్నారు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. రంగు నచ్చలేదు, ఇంకోచోట వెయ్యి తక్కువకు దొరికింది, మనసు మారింది.. ఇలాంటి కారణాలకు వెనక్కి తీసుకోవాలని ఈ నిబంధనలు చెప్పడం లేదు. అక్కడ కంపెనీ పాలసీ ఎంత చెబితే అంతే. ఫోన్‌లో లోపం ఉంటే మాత్రం లెక్క వేరు. లోపమున్న సరుకును సెల్లర్ తిప్పి పంపకూడదన్న ఆరో నిబంధనలో ఏడు రోజులు, పది రోజులు అన్న గడువేమీ లేదు.

అలాగని ఎప్పుడైనా వెళ్లి డబ్బు అడగొచ్చని అర్థం కాదు. రోజులు గడిచేకొద్దీ ఆ లోపం ముందునుంచీ ఉందా, వాడకంలో వచ్చిందా అన్న ప్రశ్న పెద్దదవుతుంది. ఐదో రోజు ఆగిపోయిన ఫోన్‌ను ఎవరూ పెద్దగా శంకించరు. ఎనిమిదో నెలలో ఆగిపోతే మొదట వారంటీ రిపేర్ అంటారు. అప్పుడు కూడా అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే తయారీలోనే తేడా ఉందని వాదించే వీలుంటుంది. అందుకు చేతిలో కాగితాలు ఉండాలి.

కేసు గెలిపించేది కాగితమే

ఈ గొడవల్లో కొన్నవాళ్లు ఓడిపోయేది హక్కు లేక కాదు, ఆధారం లేక. కంపెనీల చేతిలో రెండు బలమైన జవాబులున్నాయి. ఒకటి ‘ఫిజికల్ డ్యామేజ్’, అంటే కింద పడేశారని. రెండోది ‘లిక్విడ్ డ్యామేజ్’, అంటే నీళ్లు తగిలాయని. చాలా ఫోన్ల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఎర్రబడితే వారంటీ లేదంటారు. దీనికి ఎదురు జవాబు మొదటి రోజునే సిద్ధం చేసుకోవాలి.

పార్శిల్ మీది లేబుల్ కనపడేలా మొదలుపెట్టి, సీల్ కట్ చేయడం నుంచి ఫోన్ ఆన్ అయ్యేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే డెలివరీ బాయ్ ముందే పెట్టె తెరిపించి, ఫోన్ చూసుకున్నాకే ఓటీపీ చెప్పాలి. ఓటీపీ చెప్పడమంటే సరుకు సరిగ్గా అందిందని ఒప్పుకోవడమే.

సిమ్ వేయకముందే ఐఎంఈఐ నంబర్ చూడాలి. *#06# నొక్కితే తెర మీద వస్తుంది. పెట్టె మీదున్నది, బిల్లులో ఉంటే అది, ఫోన్‌లో ఉన్నది ఒకటేనా అని సరిచూడాలి. తర్వాత వేరే ఫోన్ నుంచి కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబర్ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపాలి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే చూడొచ్చు. ‘బ్లాక్‌లిస్ట్’, ‘డూప్లికేట్’, ‘ఇప్పటికే వాడుకలో ఉంది’ అని వస్తే ఆ ఫోన్‌తో జాగ్రత్త. కొత్త ఫోన్ పేరుతో వాడినది అంటగట్టి ఉండొచ్చు.

బ్రాండ్ వెబ్‌సైట్‌లో వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో కూడా చూడాలి. నిన్న కొన్న ఫోన్‌కు మూడు నెలల కిందటే వారంటీ మొదలైనట్టు చూపిస్తే, అది మీకంటే ముందే ఎవరి చేతిలోనో ఆన్ అయిందేమో అని అనుమానించాల్సిందే. పెట్టెలో ‘సెల్లర్ వారంటీ’ అని చీటీ ఉంటే అది బ్రాండ్ వారంటీ కాదు. సర్వీస్ సెంటర్‌లో అది చెల్లకపోవచ్చు.

లోపం కనిపించిన రోజునే చేయాల్సినవి

మొదటి పని, ఆ లోపం కనపడేలా తేదీతో సహా వీడియో తీయడం. రెండోది, అదే రోజు యాప్‌లో ఫిర్యాదు పెట్టి టికెట్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోవడం. ఫోన్‌లో మాట్లాడితే దాఖలా ఉండదు. మాట్లాడినా, ‘ఇవాళ మీతో మాట్లాడాం, మీరు ఇలా అన్నారు’ అని ఆ వెంటనే మెయిల్ పెట్టాలి.

ఏడు రోజుల లోపల ఉంటే యాప్ చెప్పిన టెస్టులు చేయించుకోవాలి. టెక్నీషియన్ వస్తే ఆయన రాసిన రిపోర్ట్ కాపీ అడగాలి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే జాబ్ షీట్ లేకుండా ఫోన్ ఇవ్వకూడదు. అందులో లోపం ఏమిటో మీరు చెప్పిన మాటల్లోనే రాయించాలి. గీతలు, సొట్టలు లేవని కూడా రాయించాలి. కొత్త ఫోన్ మొదటి రోజుల్లోనే ఆగిపోతే ‘డీఓఏ’ సర్టిఫికెట్ ఇస్తారేమో అడగాలి. సరుకు వచ్చేటప్పటికే లోపంతో ఉందని బ్రాండే ఒప్పుకున్న కాగితం అది. సెల్లర్‌ దగ్గర ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక తెర మీద పచ్చగీత వచ్చిందని కూడా చాలామంది వాపోతుంటారు. అలాంటప్పుడు అప్‌డేట్ ఏ తేదీన వచ్చింది, గీత ఎప్పుడు కనిపించింది అన్నది రాసిపెట్టుకోవాలి. కింద పడలేదని చెప్పడానికి ఆ వరస పనికొస్తుంది.

ఫోన్ తిరిగి ఇచ్చేముందు

ఇవాళ ఫోన్ అంటే బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ కాపీ, పిల్లల ఫొటోలు అన్నీ కలిపిన పెట్టె. దాన్ని అలాగే పార్శిల్‌లో పెట్టేస్తే ప్రమాదం. ఆన్ అవుతుంటే డేటా వేరేచోట దాచుకుని, యూపీఐ యాప్‌ల నుంచి ఖాతా తీసేసి, సిమ్, మెమరీ కార్డ్ బయటకు తీయాలి. తర్వాత గూగుల్ ఖాతా లాగౌట్ చేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి. ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ ఆఫ్ చేయాలి. ఖాతా తీయకుండా పంపితే ఫోన్ లాక్‌లో ఉందని రిఫండ్ ఆపేసే అవకాశం ఉంది.

ఫోన్ అసలు ఆన్ కాకపోతే వేరే ఫోన్ నుంచి గూగుల్ లేదా యాపిల్ ఖాతాలోకి వెళ్లి ఆ పరికరాన్ని తొలగించొచ్చు. పార్శిల్ ఇచ్చేటప్పుడు ఐఎంఈఐ కనపడేలా ఫోన్‌కు, పెట్టెలోని చార్జర్‌కు, కేబుల్‌కు వీడియో తీయాలి. పికప్ రసీదు తీసుకోవాలి. ‘పెట్టెలో వేరే ఫోన్ వచ్చింది’ అన్న మాట అటు వైపు నుంచి కూడా వస్తుంది మరి.

ఈఎంఐ ఆగదు.. గుర్తుందా?

ఫోన్ మీద గొడవ నడుస్తోంది కదా అని ఈఎంఐ ఆపేయడం పెద్ద తప్పు. అప్పు ఇచ్చింది బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ. వాళ్లకు ఫోన్ బాగుందా లేదా అన్నదానితో పనిలేదు. వాయిదా తప్పితే పెనాల్టీ పడుతుంది, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. రేపు బైక్ లోన్‌కు వెళ్తే అది అడ్డం వస్తుంది.

రిఫండ్ ఖాయమయ్యాక లోన్ కూడా రద్దయిందో లేదో బ్యాంకును విడిగా అడగాలి. రెండూ ఒకేసారి జరగవు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వెనక్కి రాకపోవచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు, సెల్లర్ ఎంతకీ పలకకపోతే బ్యాంకులో ‘డిస్ప్యూట్’ వేయొచ్చు. దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

గూగుల్‌లో నంబర్ వెతికితే ఇంకో గండం

ఇక్కడే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. ‘ఫలానా యాప్ కస్టమర్ కేర్’ అని వెతికితే వచ్చే నంబర్లలో నకిలీవి ఉంటాయి. వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడతారు. రిఫండ్ వెంటనే వేస్తామంటారు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటారు, లేదా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. నంబర్ ఎప్పుడూ యాప్ లోపలి నుంచే తీసుకోవాలి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ పోయిన బాధలో ఉన్న మనిషి దగ్గర మిగిలినది కూడా లాక్కునే మోసం ఇది.

1915.. ఆ తర్వాత కమిషన్

గ్రీవెన్స్ ఆఫీసర్ కూడా పలకకపోతే తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నంబర్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదును వాళ్లు కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. ఇది కోర్టు కాదు, ఆదేశం ఇచ్చే అధికారం లేదు. అయినా ప్రభుత్వ హెల్ప్‌లైన్ నుంచి ఫిర్యాదు వస్తే కంపెనీలు తోసిపుచ్చడం అంత తేలిక కాదు. ఖర్చు లేని ఈ మెట్టును వదులుకోకూడదు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఒకటుంది. కొన్నవాడు తాను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. సెల్లర్ గురుగ్రామ్‌లో ఉన్నా, ప్లాట్‌ఫామ్ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఆదిలాబాద్ వ్యక్తి ఆదిలాబాద్‌లోనే వేయొచ్చు. శ్రీకాకుళం వ్యక్తి శ్రీకాకుళంలోనే.

రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. గొడవ మొదలైన రెండేళ్లలోగా వేయాలి. సెల్లర్, ప్లాట్‌ఫామ్, తయారీ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. అప్పుడే ఒకరి మీదకు ఒకరు నెట్టుకునే ఆట అక్కడే, అధికారి ముందే తేలుతుంది.

లోపం రుజువైతే కమిషన్ రిపేర్ చేయమనొచ్చు, కొత్తది ఇమ్మనొచ్చు, డబ్బు వడ్డీతో తిరిగి ఇమ్మనొచ్చు, పరిహారం కూడా వేయొచ్చు. ఆదేశం పాటించకపోతే జైలు శిక్ష, కనీసం రూ.25 వేల జరిమానా పడే వీలుంది. చట్టం ప్రకారం కేసును మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. అయితే వాయిదాల వల్ల ఇంతకంటే ఎక్కువ కాలం పట్టే కేసులూ ఉంటాయి. ఆ ఓపిక పెట్టుకునే దిగాలి.

అసలు లోటు ఎక్కడుంది?

రూల్స్ ఉన్నాయి, హెల్ప్‌లైన్ ఉంది, కమిషన్ ఉంది. మరి ఇబ్బంది ఎందుకు తీరడం లేదు?

ఎందుకంటే సెల్లర్ మాట తప్పినప్పుడు ప్లాట్‌ఫామే జేబులోంచి తీసి కట్టాలన్న నిబంధన ఇంకా లేదు. 2021 జూన్‌లో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో అలాంటి ప్రతిపాదన పెట్టింది. సెల్లర్ విఫలమై కొన్నవాడు నష్టపోతే ఆ భారం మార్కెట్‌ప్లేస్ మోయాలన్నది దాని సారం. పరిశ్రమ నుంచి వ్యతిరేకత వచ్చింది. ఏళ్లు గడిచినా ఆ ప్రతిపాదన నిబంధనగా మారలేదు.

అయినా గాలి కొంత మారుతోంది. 2022లో నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లను తన వేదిక మీద అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు రూ.లక్ష జరిమానా వేసింది. ప్రతి అమ్మకం మీదా ఫీజు తీసుకుంటున్నప్పుడు బాధ్యత నుంచి తప్పుకోలేరన్నది ఆ ఆదేశం వెనకున్న వాదన. అమెజాన్ దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఆ కేసు కుక్కర్లది, ఫోన్లది కాదు. కానీ ప్రశ్న ఒకటే. లాభంలో వాటా తీసుకునేవాడు నష్టంలో బాధ్యత తీసుకోడా?

దానికి జవాబు వచ్చేదాకా కంపెనీలకు కలిసొచ్చేది ఒకే ఒక్క విషయం, కొన్నవాడి అలసట. రూ.16 వేల కోసం ఎన్నిసార్లు తిరుగుతాం, ఒక రోజు పని పోతే రూ.800 పోతాయి కదా అని లెక్క వేసుకుని మనిషి వదిలేస్తాడు. ఆ లెక్క తప్పని అనలేం. రోజు కూలితో బతికేవాడికి అది నిజమైన లెక్క.

అందుకే తిరగడం తగ్గించే దారి పట్టుకోవాలి. ఫిర్యాదు మెయిల్ ఇంట్లోంచే వెళ్తుంది. 1915 కాల్ ఇంట్లోంచే అవుతుంది. కేసు కూడా ఇంట్లోంచే వేయొచ్చు. హనుమకొండ కుర్రాడికి తొమ్మిదో రోజున మాయమైంది ఒక బటనే. బిల్లు, ఐదో రోజు తీసిన వీడియో, టికెట్ నంబర్, జాబ్ షీట్.. ఈ నాలుగూ దాచుకుంటే అడగడానికి అతనికి ఇంకా రెండేళ్ల గడువుంది.